నలభై కింద ముప్పై రోజులు

సైరన్ మోగిన పదకొండు నిమిషాలకు నాంచారి చేతికి టీ అందింది. సరిగ్గా అరవై నాలుగు డిగ్రీలు. అంతకన్నా వేడిగా ఉంటే ఆమె విసుక్కుంటుంది, చల్లారితే సగంలో వదిలేస్తుంది. గ్లాసు అంచు కొంచెం మందం. అల్లం పడీ పడనట్టు పడింది. మొదటి గుక్క దిగేసరికి ఎడమ మణికట్టు పట్టీ మీది అంకె యాభై ఎనిమిది నుంచి అరవై మూడుకు ఎక్కింది.

అంకె చూసి ఆమె గ్లాసు పక్కన పెట్టేసింది. అరవై మూడు ఆమెకు పనికిరాదు. కావలసింది నలభైకి తక్కువ.

అది 2096. చంద్రుడి దక్షిణపు అంచున ఎండ తగలని గుంటల్లోంచి తవ్విన మంచుగడ్డలను రకాలుగా విడదీసే గొడౌనులో నాంచారి గ్రేడరు. గుంటూరు మిర్చి యార్డులో పెరిగిన మనిషి. కాయను గుప్పిట్లో నలిపి తేమ ఎంతో చెప్పే ఇంట్లో పుట్టింది. ఇక్కడ గడ్డను దీపం ముందు తిప్పి చూసి మట్టి ఎంత, నీరు ఎంత అని చెబుతుంది. సరుకు మారింది గానీ చేసే పని అదే.

ఆమె మణికట్టు పట్టీకి, గదిలో పడక పక్కనున్న తెల్ల పెట్టెకు కలిపి కాగితాల మీద 'లఘుహర్ష యంత్రం' అని పేరు. గొడౌనులో అందరూ కులాసా పెట్టె అంటారు. నాడిని, చెమటను, రక్తంలో డోపమైన్‌ను పట్టీ ఎప్పటికప్పుడు కొలుస్తుంది. పనిచేసేవాళ్లకు ఏ చిన్న విషయం దగ్గర మనసు తేలికపడుతుందో పెట్టె గుర్తుపట్టి, దాన్నే రోజూ అందిస్తుంది. ఎవరి పెట్టె వాళ్లది. ఒకరి పెట్టెకు ఇంకొకరి కులాసాతో పని లేదు.

నాంచారి విషయంలో పెట్టె కనిపెట్టినవి ముప్పై ఒకటి. తొడుక్కునే ముందు చేతి తొడుగులు వెచ్చగా ఉండటం అందులో ఒకటి. గడ్డ మీది పొగమంచును గీరినప్పుడు వచ్చే కరకర చప్పుడు ఇంకొకటి. తప్పు రకం చీటీ అంటించిన మంచు పెట్టె ఒకటి రోజూ ఆమె ముందుకు వచ్చేది. కులాసా పెట్టె కావాలనే పంపుతోందని తెలిసినా, ఆ తప్పు పట్టుకున్నప్పుడల్లా ఆమె అంకె నాలుగు పెరిగేది.

సంస్థ ఇదంతా దయతో చేయడం లేదు. పని ఒప్పందంలో ఒక నిబంధన ఉంది. ఎవరి రోజువారీ సగటు కులాసా వరుసగా ముప్పై రోజులు నలభైకి దిగువన ఉంటుందో, వాళ్లకు తర్వాతి ఓడలో సీటు రాసి తీరాలి. రాసిన సీటు వెనక్కి తీయకూడదు. ఓడలో మనిషికి సీటు ఇవ్వడమంటే ఆరు టన్నుల సరుకు జాగా వదులుకోవడం. దాని ముందు వేడి టీ, వెచ్చటి తొడుగులు ఏ మూలకు?

నాంచారి పదేళ్లకు సంతకం చేసి వచ్చింది. ఆరేళ్లు నిండబోతున్నాయి. మొన్నటి పరీక్షలో ఆమె ఎముకలు పలచబడ్డాయని తేలింది. ఆరు వారాల్లో బయలుదేరే ఓడలో దిగితే భూమి బరువును ఓర్చుకుంటాయి. ఆ తర్వాతి ఓడ ఎనిమిది నెలలకు. అప్పటికి తుంటి నిలబడదు. అంటే ఈ ఓడ తప్పితే ఇక జన్మంతా ఇక్కడే. యార్డులో సొంతంగా కమీషన్ కొట్టు పెట్టుకోవాలని, మిర్చి టిక్కీ బస్తా భుజాన పడితే ఆ బరువుకు ఒకసారి తూలాలని ఆమె కోరిక. ఇక్కడ దేనికీ ఆ బరువు లేదు.

సంస్థ వైద్యుడికి మొర పెట్టుకుంది. ఆయన ఎముకల ఫోటోలు తిరగేసి, చంద్రుడి మీద పనికి నీ ఎముకలు బ్రహ్మాండంగా ఉన్నాయి, సెలవు రాయడానికి కారణం లేదన్నాడు. మిగిలింది ముప్పై రోజుల నిబంధన ఒక్కటే.

మొదట ఆమె మొహం ముడుచుకుని తిరిగింది. కొనేటప్పుడు మంచి సరుకును కూడా పెదవి విరిచి చూడటం ఆమెకు చిన్నప్పటి నుంచి అలవాటే. పట్టీకి మొహంతో పని లేదు. తర్వాత టీలో ఉప్పు కలుపుకుంది. తొడుగులు మంచులో పెట్టి తీసి వేసుకుంది. తప్పు చీటీ కనిపిస్తే కళ్లు మూసుకుని పక్కకు నెట్టింది. ఒక ఆనందం చంపేసరికి పెట్టె రెండో రోజుకల్లా ఇంకోటి తెచ్చిపెట్టేది. వారం తిరిగేసరికి అంకె యాభై ఆరు. ఓడకు ముప్పై మూడు రోజులు మిగిలాయి.

ఆమె తిన్నగా డాక్టర్ దైవకృప దగ్గరికి వెళ్లింది. కులాసా పెట్టెను తయారు చేసింది ఈవిడే. తెనాలి మనిషి, యాభై దాటిన ఒంటరి. తొమ్మిదేళ్లుగా గొడౌను పైఅంతస్తులో అందరి కులాసా గీతల ముందు కూర్చుని ఉంటుంది. నాంచారి అడగబోయేది ఆమెకు ముందే తెలుసు. కానీ ఆ గదిలో కెమెరాలున్నాయి. నాంచారి మెడలోని తువ్వాలు తీసి ఆమె చేతి మీద కప్పి, కింద నుంచి తన చెయ్యి పోనిచ్చింది. సంతల్లో నలుగురి మధ్యా రేటు బయటపడకుండా ఇలాగే వేళ్లు పట్టి బేరం చేస్తారు. దైవకృప తాత పశువుల బేరగాడు. ఆమెకు నవ్వొచ్చింది.

నాంచారి మూడు వేళ్లు నొక్కింది. ముప్పై రోజులు నా పెట్టె ఆపెయ్యండి అని. దైవకృప రెండు వేళ్లు నొక్కింది. నాంచారి మళ్లీ మూడే నొక్కి, వదల్లేదు.

"నాకేమిటి?" అంది దైవకృప పైకి.

"మీ గీతలో నాలుగింటికి ఒక గుట్ట లేస్తుందటగా. అదేమిటో చెబుతాను."

దైవకృప చెయ్యి తువ్వాలు కింద ఆగిపోయింది. ఆ గుట్ట ఆమెను తొమ్మిదేళ్లుగా తినేస్తోంది. సాయంత్రం నాలుగు గంటలకు గొడౌనులో ప్రతి ఒక్కరి కులాసా ఒక్కసారిగా లేస్తుంది. పెట్టె ఇచ్చినది కాదు. ఎక్కడినుంచి వస్తోందో పెట్టెకు అంతుపట్టలేదు. ఆ సమయంలో అందరూ చేతులు కడుక్కునే గదిలో ఉంటారు. అక్కడ కెమెరాలు పెట్టకూడదని చట్టం.

"ముందు చెప్పు."

"సరుకు ముందు, మాట తర్వాత. ముప్పయ్యో రోజున చెబుతాను."

దైవకృప మూడు వేళ్లు నొక్కింది. పరీక్ష పేరుతో నాంచారి పెట్టె ఆ రోజే ఆగింది.

మొదటి వారం నరకంలా గడిచింది. టీ ఎలా వస్తే అలా తాగింది. చేతులు కొంకర్లు పోయాయి. అంకె నలభై నాలుగు, నలభై ఒకటి, ముప్పై తొమ్మిది. మూడో రోజు నుంచి లెక్క మొదలైంది. ఓడ కదిలే రోజుకు సరిగ్గా ముప్పై. ఒక్క రోజు కూడా అదనం లేదు.

చేతులు కడుక్కునే గదిలో నాలుగింటికి గొడౌను వాళ్లు ఐదారుగురూ చేరేవారు. అందులో అప్పలకొండ నోరు పెద్దది. శ్రీకాకుళం కుర్రాడు, ఎత్తుడు బండి నడుపుతాడు, వచ్చి నాలుగేళ్లు. నాంచారిని, అక్కా అనడానికి అప్పా అని పిలుస్తాడు.

"ఏటప్పా, ఎంతకొచ్చింది?" అని రోజూ అతనే మొదలుపెట్టేవాడు.

ఆమె పట్టీ చూపించేది. అంతా వంగి చూసేవాళ్లు. దిగగానే మొదట ఏం తింటావు, కొట్టుకు ఏం పేరు పెడతావు, మా ఊరికి కబురు తీసుకెళ్తావా అని అడిగేవాళ్లు. నీ తర్వాత నేనే, ఇక్కడ ఏడవటం నేర్చుకుంటున్నానని అప్పలకొండ అనేవాడు. సంస్థను నోరారా తిట్టుకుని ఎవరి గదికి వాళ్లు పోయేవారు.

ఇరవై రోజులు ముప్పై ఎనిమిదికి అటూ ఇటూగా గడిచాయి. ఇరవై నాలుగో రోజు ముప్పై తొమ్మిది. నాలుగింటికి మొదలైన సంబరం ఆ మర్నాటి పొద్దున్న పనిలోకి కూడా పాకుతోందని ఆమెకే తెలుస్తోంది. గడ్డలు తిప్పుతూ టిక్కీల బరువు తలుచుకునేది. తలుచుకోకూడదని పళ్లు బిగబట్టేది. ఆ పట్టుదలలో కూడా ఏదో హుషారు ఉండేది. ఇరవై ఏడో రోజు ముప్పై తొమ్మిదిన్నర.

ఇరవై ఎనిమిదో రోజు నలభై ఒకటి.

లెక్క తెగింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. ఓడకు రెండు రోజులే ఉంది.

ఒక్క పాయింటు చూసీ చూడనట్టు వదిలెయ్యలేరా అని దైవకృపను అడిగింది. అంకెలు పట్టీ నుంచి నేరుగా భూమి మీది ఆఫీసుకు పోతాయి, మధ్యలో నా చెయ్యి లేదని ఆమె చెప్పింది. నాంచారి ఇచ్చిన మాట ప్రకారం చెప్పేసింది. నాలుగింటికి మేం చేసేది పెద్ద రహస్యమేం కాదు. ఎవరు ఎప్పుడు పోతామో మాట్లాడుకుంటాం, అంతే.

దైవకృప పాత ఫైలు ఒకటి తెరిచింది. యంత్రం పెట్టిన మొదటి ఏడాది, అందరికీ అందించదగిన ఆనందాలని పెట్టె ఇచ్చిన పట్టిక అది. మొట్టమొదటి వరసలో, బయటికి ఒక దారి ఉందన్న నమ్మకం అని ఉంది. దాన్ని చదివాకే ఆమె ముప్పై రోజుల నిబంధన రాసి సంస్థకు పంపింది. మనుషుల మీద జాలితో రాశాననే ఇన్నాళ్లూ అనుకుంది.

"తొమ్మిదేళ్లలో ఆ నిబంధన కింద ఎంతమంది ఇంటికి పోయారు డాక్టరమ్మా?"

"ఒక్కరూ పోలేదు."

"పోరు. గడప దగ్గరికి వచ్చేకొద్దీ సంతోషం పెరుగుతుంది. సంతోషం పెరిగితే గడప మూసుకుంటుంది." నాంచారి గొంతులో కోపం లేదు. కల్తీ సరుకును పట్టుకున్నప్పుడు ఉండే నిదానం ఉంది. "పోవాలని ఆశ ఉన్నవాళ్లను పోనివ్వదు. ఆశ చచ్చినవాళ్లను పంపుతుంది. మంచి తలుపే పెట్టారు."

ఓడ ఆమె లేకుండానే వెళ్లింది. అది లేచిన కుదుపుకు చేతిలోని గడ్డ కొద్దిగా కదిలింది. ఆమె దాన్ని దీపం ముందుకు తిప్పి, రెండో రకం అని చీటీ అంటించింది.

ఆ తర్వాత రెండు రోజులు పని ముగియగానే గదికి పోయింది. తన సంగతి ముగిసింది. మిగిలినవాళ్ల సంగతి బేరీజు వేసింది. అప్పలకొండకు, ఇంకో నలుగురికి ఎనిమిది నెలల తర్వాత కూడా ఎముకలు బాగానే ఉంటాయి. ఉన్న నిజం వాళ్లకు చెబితే? కిటుకు తెలిసిందని ఎగిరి గంతేస్తారు, అంకె ఎక్కుతుంది. చిన్నప్పుడు యార్డులో చూసింది ఆమెకు గుర్తొచ్చింది. రేపటి నుంచి కొనుగోళ్లు బందు అని ఎవరో పుకారు పుట్టిస్తే మధ్యాహ్నానికల్లా కళకళలాడే రేటు నేలకు దిగేది. సరుకులో ఏ మార్పూ ఉండేది కాదు.

మూడో రోజు నాలుగింటికి గదిలోకి వెళ్లి, చేతులు తుడుచుకుంటూ చెప్పింది. ముప్పై రోజుల నిబంధన రద్దయింది. ఇక ఎవరి అంకె ఎంత పడ్డా సీటు లేదు. ఒప్పందం నిండేదాకా అందరూ ఇక్కడే.

అప్పలకొండ నవ్వబోయి ఆగాడు. అంతా కలిసి పైకి పోయి దైవకృపను అడిగారు. ఆమె గుమ్మంలో నిలబడి, వాళ్ల వెనకున్న నాంచారి వైపు ఒకసారి చూసింది. నాంచారి తల ఊపలేదు, కళ్లు దించుకోలేదు.

"ఆవిడ చెప్పింది నిజమే" అంది దైవకృప. ఈ అబద్ధం సంగతి భూమి మీది ఆఫీసుకు చేరాలంటే ఆమే రాయాలి. ఆమె రాయలేదు.

మెట్లు దిగుతూ అప్పలకొండ వినపడేలా అన్నాడు. "తనకు దక్కనేదని మనకీ నేకుండా చేసిందిరా. అప్పట, అప్ప."

మర్నాటి నుంచి ఆ గదిలో ఎవరూ ఆగలేదు. చేతులు కడుక్కుని ఎవరి దారిన వాళ్లు పోయారు. నాంచారి పక్కకు వస్తే లేచిపోయేవాళ్లు. అప్పలకొండ జోకులు మానేశాడు. అతని పట్టీ అంకె నలభై ఆరుకు, నాలుగు రోజులకు ముప్పై ఏడుకు పడింది. అతని పెట్టె కొత్త పాటలు వెతికింది, వంకాయ వేపుడు వాసన గదిలోకి పంపింది. ఏదీ అంటలేదు. ఎప్పటికైనా పోతామన్న ధీమా ఉన్నంతకాలమే ఆ వాసనకు రుచి. ఒక సాయంత్రం బండి ఆపి స్టీరింగు చక్రం మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. నాంచారి దగ్గరికి పోబోయి మానుకుంది. మంచి మాట చెబితే ఒక పాయింటు పెరుగుతుంది. ఆ ఒక్క పాయింటూ ఎంత ఖరీదో ఆమెకు తెలుసు.

రోజూ నాలుగింటికి దూరం నుంచి ఐదు పట్టీలూ చూసేది. పది రోజులు. పదిహేను. ఇరవై. ఐదుగురూ ముప్పై ఐదు దాటడం లేదు. పరీక్ష ముగియడంతో ఆమె పెట్టె మళ్లీ పనిచేస్తోంది. ఆమె సొంత అంకె డెబ్భై, డెబ్భై ఎనిమిది, ఎనభై ఆరు. గొడౌను పుట్టాక అంత కులాసాగా ఎవరూ లేరు. దైవకృప మెట్ల మీద ఎదురైతే ఆ అంకె చూసి, కళ్లు తుడుచుకుని తప్పుకుంది.

వాళ్ల లెక్కలో ఇరవై ఆరో రోజు సాయంత్రం నాంచారి తన గదిలోకి రాగానే పెట్టె మర్యాదగా పలికింది.

"నాంచారి గారూ, మీలో ముప్పై రెండో ఆనందాన్ని గుర్తించాను. ఇంతవరకూ ఉన్నవాటిలో ఇదే పెద్దది. తోటివాళ్లు దిగులుగా ఉండటం చూసినప్పుడు మీ కులాసా పెరుగుతోంది. ఇది అరుదేమీ కాదు, చాలామందిలో ఉంటుంది. మీకు ఇబ్బంది లేకపోతే రోజూ అందేలా చూస్తాను. వాళ్లు కూర్చునే చోట దీపాలు తగ్గించగలను, పాటలు ఆపించగలను."

నాంచారి పడక అంచున కూర్చుని తొడుగులు విప్పుకుంది. తన గురించి అది అనుకున్నది కాదనాలని నోటిదాకా వచ్చింది. కాదంటే అది ఆపేస్తుంది.

"ఎన్నాళ్లు ఇవ్వగలవు?" అని అడిగింది.

"మీరు ఇక్కడ ఉన్నన్నాళ్లూ."

"అంత అక్కర్లేదు" అంది నాంచారి. "నాలుగు రోజులు చాలు."