దూరహస్తం

షారోను కళ్ళు తెరిచేసరికి గోడకున్న రెండు చేతులు మంచం వైపు వంగి సిద్ధంగా ఉన్నాయి. మెత్తటి రబ్బరు చుట్టిన లోహపు చేతులవి. ఒకటి మెడ కిందా, ఒకటి మోకాళ్ళ కిందా దూరి, ఎనిమిదేళ్ళ పిల్లను లేపి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాయి. పుట్టినప్పటి నుంచీ షారోను కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయి ఉంటాయి. మాటలు కొన్నే వస్తాయి. నవ్వు మాత్రం ధారాళంగా వస్తుంది.

2090 నాటి ఒంగోలులో వంటకీ, ఇల్లు ఊడవడానికీ మరమనుషులున్నాయి. బిగిసిన కండరాన్ని ఎంత ఒడుపుగా పట్టుకోవాలో మాత్రం వాటికి పట్టుబడలేదు. అందుకే డాక్టర్ జహీదా దూరహస్తాన్ని తయారుచేసింది. ఎక్కడో ఒక మనిషి చేతులకి స్పర్శను చేరవేసే హాప్టిక్ తొడుగులు వేసుకుని చేయి కదిపితే, ఇక్కడి లోహపు చేయి అలాగే కదులుతుంది. పిల్ల ఒంటి వెచ్చదనం అక్కడి అరచేతికి తెలుస్తుంది. తెర మీద బిడ్డ మాత్రమే కనిపిస్తుంది. పేరు, ఊరు, మాట ఏవీ అవతలికి దాటవు.

ఆ చేతులు వచ్చాకే షారోను తల్లి ఎస్తేరు కంటినిండా నిద్రపోతోంది. ఒంటరి మనిషి. లిఫ్టులో జనం చూసే చూపులకీ, ఇచ్చే సలహాలకీ విసిగి, కొత్త అపార్టుమెంటులోకి మారాక బిడ్డ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు జహీదా స్వయంగా చూడవచ్చింది.

"మీకు మిగిలిన తీరికలో ఏం చేస్తున్నారు?" అని అడిగింది.

ఎస్తేరు కాస్త మొహమాటపడి, సొరుగులోంచి తొడుగులు తీసి చూపించింది. "ఎవరో బాబుకి అన్నం తినిపిస్తున్నా మేడమ్. వాడూ మా పిల్లలాంటోడే."

"అదే పని ఇంకొకరికి చేస్తుంటే మీకు విశ్రాంతేముంది?"

"పని అదే. కానీ ఆ బాబు దగ్గర నాకు దిగులుండదు. తిన్నాడా, చాలు. షారోనుకి పెడతుంటే ప్రతి ముద్దకీ రేపెట్టా అనే గుబులే. ఇప్పుడు నా బిడ్డతో కూడా నవ్వుతున్నా."

జహీదా తల ఊపి చెప్పింది. "మీ పాపను లేపే ఆమె ఆ బాబు వాళ్ళమ్మే."

ఎస్తేరు తెల్లబోయింది. "ఒకరి బిడ్డని ఒకరం చూసుకుంటున్నామా? ఎక్కడుంటదామె?"

"స్పర్శ ఆలస్యంగా చేరితే పిల్లలకి దెబ్బ తగులుతుంది. అందుకని యంత్రం అందరికన్నా దగ్గరలో ఉన్నవాళ్ళనే కలుపుతుంది. ఆమెను అడిగే వచ్చాను, చెప్పమంది. మీకూ ఇష్టమైతేనే చెబుతాను."

"చెప్పండి మేడమ్."

"మీ ఎదురిల్లు."

"భ్రమరాంబ గారా? వాళ్ళింట్లో పిల్లలు లేరే."

"మీ ఇంట్లో లేరనే ఆమె కూడా అనుకుంటూ ఉండాలి."

మధ్యలో ఉన్నది నాలుగడుగుల వసారా. దాన్ని దాటి ఒక మాట అడగలేకనే ఇద్దరూ ఇంత యంత్రాన్ని గోడకి బిగించుకున్నారు. ఎస్తేరుకి సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి.

"పద," అంది షారోను, తలుపు వైపు చూస్తూ.

కుర్చీ తోసుకుంటూ వెళ్ళి ఎస్తేరు ఎదురు తలుపు తట్టింది. తెరిచిన భ్రమరాంబ కళ్ళు ముందు కుర్చీలోకే వెళ్ళాయి. రోజూ తన చేతుల మీదుగా లేచే పిల్ల. పలకరించడం మర్చిపోయి, వంగి షారోను బుగ్గ నిమిరింది.

వెనక సోఫాలో దిండ్ల మధ్య బాబు కూర్చుని ఉన్నాడు. ఎస్తేరు వాడి పక్కన కూర్చుని, ఏమీ ఆలోచించకుండా రోజూలాగే అరచేత్తో గడ్డం తుడిచింది. వాడు ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత బుద్ధిగా నోరు తెరిచాడు.

"ఇప్పుడేగదరా తిన్నావు," అంది భ్రమరాంబ.

"పెట్టండి, ఇంకో ముద్ద తింటాడు," అంది ఎస్తేరు. భ్రమరాంబ కంచం తేవడానికి లోపలికి వెళ్ళింది.