గుర్రం వాళ్ళ గుర్రం

“గుర్రం కావాలా? నీకా?”

ఫీన్ నవ్విన నవ్వుకి లాయంలోని గుర్రం కూడా తలెత్తి నా వంక చూసింది. నేను సైకిలు పట్టుకుని వాళ్ళ ముంగిట్లో వానలో తడుస్తున్నాను. లోపలికి రమ్మని ఆమె అనలేదు. రానా అని నేనూ అడగలేదు. ఒక మనిషి ఒకేసారి ఎన్ని అడగగలడు?

“అవునండీ. ఒక్క రోజుకే. ఎలోయ్ పండుగ ఊరేగింపుకి.”

“అండీ ఏమిటి కొత్తగా? బళ్ళో నా జడలో ముళ్ళకాయలు పెట్టినవాడివి!”

“అది మా అన్న.”

“అవును, మీ అన్న పెడుతుంటే పక్కన నిలబడి పళ్ళికిలించింది నువ్వు.”

నిజమే. ఆ పళ్ళు ఇప్పుడు చలికి టకటక కొట్టుకుంటున్నాయి. ఫీన్ అది చూసి జాలిపడిందని నేను చెప్పుకుంటాను. తను చెప్పేది వేరు: జాలి కాదట, నేను గుర్రానికి అడ్డుగా ఉన్నానని లోపలికి లాగిందట.

మా అసలు ఇంటిపేరు వెర్‌హెల్స్ట్. అది గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా పనికిరాదు. ఊళ్ళో మమ్మల్ని అందరూ గుర్రం వాళ్ళంటారు. ఎప్పుడో మా తాతగారి తాత, ఆయన్ని గుర్రం లీవెన్ అనేవారట. లెయె నది ఒడ్డున ఆ రోజుల్లో రైతులు రెండు రకాలు. గుర్రంతో దున్నేవాడు గుర్రపు రైతు, ఆవుని కాడికి కట్టేవాడు ఆవు రైతు. వీళ్ళ పిల్లని వాళ్ళకివ్వరు, వాళ్ళ బల్ల మీద వీళ్ళు కూర్చోరు. తర్వాత ట్రాక్టర్లు వచ్చి అందరినీ సమానం చేశాయి, మా నాయనమ్మ జుల్మాని తప్ప.

“నేను గుర్రపు రైతుల ఇంటి కోడలిని” అని ఆవిడ రొట్టెల కొట్లో వరసలో నిలబడి కూడా అంటుంది. ఎలోయ్ పండుగనాడు ఫాదర్ గారు గుర్రాలన్నిటినీ దీవిస్తారు. పాత గుర్రపు రైతుల ఇళ్ళవాళ్ళు తలా ఒక గుర్రంతో నడుస్తారు, ఆ ఇంటి పూర్వీకుడి కథ మైకులో చదువుతారు. మాకు ఇన్నేళ్ళూ పిలుపు లేదు. ఈసారి నాయనమ్మ కమిటీ వాళ్ళ ప్రాణం తీసి చోటు సంపాదించింది. కథ తవ్వి తెచ్చే పని, గుర్రాన్ని తెచ్చే పని నా నెత్తిన పడ్డాయి.

ఇందులో ఒక చిన్న చిక్కుంది. గుర్రం వాళ్ళ అబ్బాయినైన నాకు గుర్రమంటే భయం. నేను పనిచేసేది చిక్కుడుకాయల్ని, క్యారెట్లని గడ్డకట్టించే ఫ్యాక్టరీలో. అవి కరవవు.

“మరి దీనికి నేనేం ఇవ్వాలి?” అన్నాను, రోజా అనే ఆ గుర్రాన్ని చూసి. దాని వెనకభాగం మా వంటగది తలుపంత ఉంది.

“మా ఇంట్లో గుర్రాన్ని అద్దెకివ్వరు. పూర్వం ఆవు రైతులకి ఎలా ఇచ్చేవాళ్ళో అలా ఇస్తాం. గుర్రం మాది, చాకిరీ నీది.”

“మేం ఆవు రైతులం కాదు.”

“గుర్రం లేనివాణ్ణి ఇంకేమంటారో నువ్వే చెప్పు” అని పార నా చేతిలో పెట్టింది.

అలా శనివారాలు లాయంలో గడిచాయి. నేను పేడ ఎత్తేవాణ్ణి, ఫీన్ గడ్డి బస్తా మీద కూర్చుని ఆపిల్ తింటూ వంకలు పెట్టేది. రోజా నా మెడ మీద తుమ్మేది. మొదటివారం నేను గోడెక్కాను. రెండోవారం తలుపు దాకా పరిగెత్తాను. ఆ తర్వాత ఒకరోజు దాని ముక్కు మీద చెయ్యి వేస్తే ఫీన్ ఆపిల్ నమలడం ఆపేసింది.

“ఏమిటలా చూస్తున్నావు?” అన్నాను.

“నిన్ను కాదులే. దాన్ని” అంది. చెవులెందుకు ఎర్రబడ్డాయో మరి.

మునిసిపల్ ఆఫీసులోని పాత రిజిస్టర్లలో లీవెన్ దొరికాడు. పుట్టాడు, పెళ్ళి చేసుకున్నాడు, పోయాడు. వృత్తి: రైతు.

“ఏ రైతు?” అంది ఫీన్.

“రైతంటే రైతే.”

“అది రాసిన గుమస్తాకి గుర్రానికీ ఆవుకీ తేడా తెలియదు కాబోలు” అని తేల్చేసింది మా నాయనమ్మ. అంతటితో ఆగక అటక మీది పెట్టెలోంచి ఒక తోలు పట్టీ తీయించింది. అరచెయ్యంత వెడల్పు, లోపల మందంగా నారగుడ్డ, రెండు కొసలా ఇనుప కొక్కేలు. “లీవెన్ తన గుర్రానికి కట్టింది ఇదే. నా పెళ్ళినాడు మా మామగారు స్వయంగా చూపించారు. ఊరేగింపులో ఫీన్ వాళ్ళ గుర్రానికి ఇదే కట్టాలి” అంది.

శనివారం దాన్ని తీసుకెళ్ళి రోజా ఛాతీకి చుట్టబోయాం. నేనొక పక్క, ఫీన్ ఒక పక్క లాగితే ఎక్కడ అందుతుంది? సగం దాకా వచ్చి ఆగిపోయింది.

“అప్పటి గుర్రాలు చిన్నవేమో” అన్నాను.

“మేకంత ఉండేవా?” ఫీన్ పట్టీని తిప్పి చూసింది. నా వైపు తిరిగి, దాన్ని నా భుజం మీంచి ఛాతీకి అడ్డంగా వేసింది. కుట్టించినట్టు సరిపోయింది. ఆమె వేళ్ళు నా మెడ దగ్గర ఉన్నాయి. జుట్టు నిండా ఎండుగడ్డి వాసన. నా గుండె ఆ తోలుకింద కొట్టుకోవడం ఆమెకి వినిపించి ఉంటుందనే భయం ఒకటి.

“వన్నెస్, ఇది గుర్రానిది కాదు” అంది మెల్లగా. “పడవల్ని ఒడ్డు మీంచి లాగేవాళ్ళు కట్టుకునేది. ఇది మనిషిది.”

“మరి లీవెన్‌ని గుర్రం లీవెన్ అని ఎందుకన్నారు?”

ఫీన్ నా జేబులోని కాగితం తీయించింది. రిజిస్టరులోంచి రాసుకొచ్చిన లీవెన్ భార్య పేరు చదవమంది. కొలెటా కాలెన్స్ అని చదివాను. ఫీన్ ఇంటిపేరు కాలెన్స్.

వాళ్ళ తాత ఫిర్మిన్ పొయ్యి పక్కన కూర్చుని మజ్జిగ జావ తాగుతున్నాడు. కొలెటా పేరు వినగానే చెంచా కింద పెట్టాడు.

“మా ఇంట్లో ఆ పేరెత్తేవాళ్ళు కాదురా అబ్బాయ్. మా నాన్న తాగినప్పుడు మాత్రం చెప్పేవాడు. మీ లీవెన్ ఆవు రైతు. ఉన్నది ఒక్క ఆవు. చలికాలం పడవలు లాగేవాడు, మిగతా రోజులు మా పొలంలో చాకిరీ చేసి మా గుర్రాన్ని దుక్కికి తీసుకెళ్ళేవాడు. ఒక ఏడాది ఆవు చచ్చింది. గుర్రం ఇవ్వమని వస్తే కొలెటా నాన్న పొమ్మన్నాడు.”

“ఎందుకు?”

“గుర్రం కంటే కూతురి వంకే ఎక్కువ చూస్తున్నాడని.” తాత నా వంక చూశాడు. నేను పైకప్పు వంక చూశాను. “వాడికి అవిసె గింజలు చల్లే అదను దాటిపోతోంది. ఏం చేశాడనుకున్నావు? ఆ పట్టీ తనే కట్టుకుని, మట్టి చదును చేసే గుంటక లాగాడు. ఆదివారం పూజ అయ్యి ఊరంతా చర్చిలోంచి బయటికొచ్చే వేళ. అందరూ కంచె పట్టుకుని ఒకటే నవ్వు. కొలెటా పూజకి కట్టుకున్న బట్టలతోనే కంచె దాటి, బురదలో దిగి, పగ్గంలా వెనక తాడు పట్టుకుంది. ‘హో’ అంది. వాడు ఆగాడు. ‘జు’ అంది. నడిచాడు. ఆ పిల్ల ఇంక మా ఇంటికి రాలేదు. వాడికి గుర్రం లీవెన్ అని పేరు పెట్టింది ఆ నవ్వినవాళ్ళే.”

బయటికొచ్చి మేమిద్దరం లాయం వైపు నడిచాం.

“అయితే మనం చుట్టాలమా?” అన్నాను.

“కొలెటా అన్న కొడుకు, వాడి కొడుకు, వాడి కొడుకు... పెళ్ళికి పిలవక్కర్లేనంత దూరం.”

“పిలవాలనుకుంటే?”

“ముందు మీ నాయనమ్మకి నిజం చెప్పు. ఆ తర్వాత చూద్దాం ఎవరు ఎవర్ని పిలుస్తారో.”

అక్కడే గొడవ మొదలైంది. నాయనమ్మకి ఎలా చెప్పను? ఆవిడ కొత్త టోపీ కొనుక్కుంది. రొట్టెల కొట్టావిడకి, పోస్టు వాడికి, పళ్ళ డాక్టరుకి కూడా చెప్పేసింది. చెబితే ఆ ముసలి ప్రాణం ఏమవుతుంది?

“పండుగ అయ్యాక చెబుతాలే. ఆ ఒక్క పూటకి గుర్రపు రైతులమని చదివించేస్తే ఏం పోయింది?” అన్నాను.

“కొలెటా పోయింది” అంది ఫీన్. నవ్వడం లేదు. “గుర్రం ఉన్నవాడి దగ్గరికి ఎవరైనా వెళతారు. ఏమీ లేనివాడి కోసం బురదలో దిగిన మనిషిని తుడిచేసి, లేని గుర్రాన్ని ఊరేగిస్తావా? అబద్ధానికి నా రోజాని ఇవ్వను. వచ్చే శనివారం నుంచి రానక్కర్లేదు.”

నేను పార గోడకి ఆనించి వచ్చేశాను. రోషం కొద్దీ వెనక్కి చూడలేదు. చూసి ఉంటే బాగుండునని ఆ వారమంతా చిక్కుడుకాయల మధ్య నిలబడి అనుకున్నాను. ఆమె లేకపోతే శనివారమంటే ఏమిటో కూడా నాకు తోచలేదు. అప్పుడు అర్థమైంది, నేను పోగొట్టుకుంది గుర్రాన్ని కాదని.

ఆదివారం నాయనమ్మ బంగాళాదుంపలు చెక్కుతుంటే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. కత్తి ఆగిపోయింది.

“ఆవు కూడా లేదా?” అంది.

“చచ్చిపోయింది.”

“నేను రొట్టెలవాళ్ళ పిల్లని. గుర్రపు రైతుల ఇల్లని మా అమ్మ మురిసిపోయి ఇక్కడికి ఇచ్చింది. మీ తాతకి తెలుసా?”

“తెలిసి ఉండదు నాయనమ్మా.”

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయలు కూడా లేవు సాకు చెప్పడానికి. ఒక దుంప చెక్కింది, ఇంకొకటి చెక్కింది.

“ఊరంతా చూస్తుండగానే తాడు పట్టుకుందా ఆ పిల్ల?”

“అవును. పూజకి కట్టుకున్న బట్టలతో.”

“వాళ్ళ నాన్న?”

“గుమ్మం తొక్కనివ్వలేదు.”

నాయనమ్మ ఏప్రన్ అంచుతో ముక్కు తుడుచుకుంది. “అయితే వరసలో మన చోటు వదలొద్దు. సంపాదించడానికి ఎంత కష్టపడ్డాను! కథ ఉన్నదున్నట్టు చదవమను.”

“గుర్రమేదీ? ఫీన్ ఇవ్వనంది.”

నన్ను ఎగాదిగా చూసింది. “ఒడ్డూ పొడుగూ బాగానే ఉన్నావుగా.”

“నాయనమ్మా!”

“గుర్రం వాళ్ళ గుర్రం నడవాలి. పట్టీ నీకు సరిపోయిందని నువ్వే చెప్పావు.”

అలా ఎలోయ్ పండుగనాడు నేను చర్చి ముందు, దున్నపోతుల్లాంటి గుర్రాల వరసలో, తోలు పట్టీ కట్టుకుని, వెనక చిన్న గుంటకతో నిలబడ్డాను. రాళ్ళ వీధిలో అది చేసే చప్పుడు ఊరంతటికీ వినిపిస్తోంది. నా వెనక తాడు నేల మీద పడి ఉంది. ఫ్యాక్టరీ మిత్రులు బీరు గ్లాసులు పట్టుకుని వచ్చారు. ఒకడు క్యారెట్ చూపించాడు. సన్నగా వాన కూడా మొదలైంది, దాని బాకీ కూడా తీరాలిగా.

మైకులో మా పేరు వచ్చింది. ఆవు చచ్చిన సంగతికి జనం నవ్వారు. గుంటక సంగతికి ఇంకా నవ్వారు. కొలెటా కంచె దాటిన దగ్గర ఎవరూ నవ్వలేదు. కొత్త టోపీలో నాయనమ్మ మెడ నిక్కించి నిలబడింది. సిగ్గుతో నేను మాత్రం బూట్లు చూసుకుంటున్నాను.

వెనక తాడు బిగిసింది.

తిరిగి చూశాను. రోజా కళ్ళెం ఫిర్మిన్ తాత చేతిలో ఉంది. ఫీన్ తెల్లటి పండుగ గౌనుతో రాళ్ళ మధ్య మడుగులో నిలబడి, తాడుని మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుంటోంది.

“గౌను పాడవుతుంది” అన్నాను.

“గుర్రాలు మాట్లాడవు.”

“నువ్వు రావద్దన్నావుగా.”

“శనివారం రావద్దన్నాను. ఇవాళ ఆదివారం.” గొంతు తగ్గించింది. “నువ్వు నిజం చదివించావు. నాకు అది చాలు వన్నెస్. ఇంక నడు, జు!”

నడిచాను. జనం చప్పట్లు కొట్టారా, ఈలలు వేశారా నాకు తెలియదు. తాడు అటు కొసన ఆమె ఉందన్న సంగతి ఒక్కటే తెలుస్తోంది. చర్చి మెట్ల దగ్గర ఫాదర్ గారు పవిత్ర జలం చల్లుతూ ఒక్కో గుర్రాన్నీ దీవిస్తున్నారు. మా ముందున్నదాన్ని దీవించి, నా దగ్గరికొచ్చి ఆగిపోయారు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు. పైనుంచి కిందికి చూశారు. ఆయనకి చిలిపితనం లేదని అంటారుగానీ, నేను నమ్మను.

“ఈ గుర్రం ఎవరిది?” అని అడిగారు.

ఊరంతా వింటోంది. మైకు కూడా ఇంకా వింటూనే ఉంది.

“నాది ఫాదర్” అంది ఫీన్.