ఉప్పు చూసే మనిషి

"మూడో గ్లాసులో ఏముందండీ?" డాక్టర్ షకీలా అడిగింది.

వర్ధనమ్మ గుటక వేసి కళ్లు మూసుకుంది. నుదుటికి బిగించిన పట్టీ సన్నగా వెచ్చబడింది. ఎనిమిది నెలలుగా ఏది తిన్నా మట్టి తిన్నట్టే ఉన్న నోట్లో ఏదో కదిలింది.

"ఉప్పు," అంది. ఆ ఒక్క మాటకే ఆవిడకి ఏడుపొచ్చేసింది.

ఏడవదూ మరి! రావులపాలెం అవతల పచ్చళ్ల కంపెనీలో ఇరవై ఆరేళ్లుగా ఉప్పు చూసే మనిషి ఆవిడే. కలిపిన మూడోనాడు ఆవకాయ తిరగకలిపి ముందు పెడితే, పీట మీద కూర్చుని, వేడన్నంలో ముద్ద తిని, ఆవిడ "సరిపోయింది" అంటేనే జాడీలకు గుడ్డ కట్టేవారు. ఆవిడకంటే ముందు ఇంకొకరు వేలు పెట్టడం అక్కడ మర్యాద కాదు. అలాంటి మనిషికి ఏదో వైరస్ జ్వరం వచ్చి, నాలుక నుంచి మెదడుకి వెళ్లే నరాలు దెబ్బతిన్నాయి. మామిడికాయల రోజులకి రుచి తిరిగి రాకపోతే ఆ పీట మీద ఇంకొకరు కూర్చుంటారు.

"రుచి నాలుక మీద ఉండదండీ," అంది డాక్టర్. "నాలుక కబురు పంపుతుందంతే. రుచి తయారయ్యేది మెదడులో, ఇన్సులా అనే చోట. మీకు ఆ కబురు దారిలో తెగిపోయింది. పన్నుకి అతికించిన సెన్సర్ దాన్ని పట్టుకుని ఈ పట్టీకి పంపుతుంది. పట్టీ ఇన్సులాని తట్టి లేపుతుంది. వాడేకొద్దీ మీ మెదడు తీరుని అది నేర్చుకుంటుంది కూడా."

నేర్చుకుంది. నెల తిరిగేసరికి పప్పుచారు పప్పుచారులా, పెరుగు పెరుగులా తగలసాగాయి. ఆవిడ జ్వరాన పడ్డాకే గరిట పట్టిన భర్త సత్తిరాజు ఒకనాడు గుత్తొంకాయ చేస్తే, "అచ్చం నా చేతి వంటలాగే ఉందండీ!" అంది వర్ధనమ్మ. ఆ మాట ఆయన వీధంతా చెప్పుకుని మురిసిపోయాడు.

మే నెలలో తొలి ఆవకాయ వచ్చింది. వర్ధనమ్మ పీట మీద కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకుంది. ఘాటు, పులుపు, ఉప్పు అన్నీ ఎప్పటిలాగే అమరిపోయాయి.

"సరిపోయింది. కట్టేయండి," అంది.

పదిహేను రోజులకి పన్నెండు జాడీలూ బూజు పట్టాయి. కలిపినప్పుడు ఉప్పు సగమే పడిందట.

"నాకు తగ్గినట్టే అనిపించిందమ్మా," అంది పచ్చడి కలిపే నూకరత్నం బిక్కమొహం వేసుకుని. "మీరు సూసేక ఏలు నాకేను. మీరే సరిపోయిందన్నారు కదా, నా నాలిక్కే ఏదో అయ్యిందనుకున్నాను."

వర్ధనమ్మకి తల కొట్టేసినట్టయింది. అట్నుంచటే బస్సెక్కి డాక్టర్ షకీలా ల్యాబుకి వెళ్లింది.

డాక్టర్ పట్టీ రికార్డులన్నీ తిరగేసింది. "ముద్ద నోట్లోకి రాకముందే మెదడు దాని రుచిని ఊహించుకుంటుందండీ. ఇన్నేళ్ల అనుభవం కదా, మీ ఊహకి బలం ఎక్కువ. పట్టీ సెన్సర్ మాట మానేసి మీ ఊహనే వినడం మొదలుపెట్టింది. నేను ముక్కూ మొహం తెలియని నీళ్లతో పరీక్ష పెట్టాను గానీ, మీరెరిగిన వంటలతో పెట్టలేదు. తప్పు నాదే."

"అయితే ఆవేళ నేను తిన్నది?"

"మీకు గుర్తున్న ఆవకాయ."

ఇల్లు చేరేసరికి సత్తిరాజు వడ్డించేశాడు. గుత్తొంకాయే. పీట పోయినట్టేనని దారిలోనే గుండె రాయి చేసుకుంది వర్ధనమ్మ. కానీ ఆ కంచం చూడగానే ఇంకో సంగతి తట్టింది. పెళ్లయిన ముప్ఫై ఏళ్లకి ఆయన తన కోసం పొయ్యి ముట్టించాడు. ఆ వంట తను ఒక్కనాడూ రుచి చూడలేదు. ఇన్నాళ్లూ మెచ్చుకున్నది తన వంటనే.

పట్టీ విప్పి పక్కన పెట్టి ముద్ద తింది. మట్టి.

"ఎలా ఉందే?" ఆశగా అడిగాడాయన.

"మీరే చెప్పండి. నిజం చెప్పండి."

సత్తిరాజు నమిలి, కాస్త తటపటాయించాడు. "ఉప్పు తక్కువే. మొదట్నించీ నా చేతికి తక్కువే పడుతోంది. నువ్వు బాగుందంటుంటే నా నాలుకదే లోపమనుకుని ఊరుకున్నాను."

వర్ధనమ్మ కళ్లు తుడుచుకుని ఉప్పు డబ్బా ఆయన ముందుకి జరిపింది.

"వేసుకోండి. ఎప్పుడు సరిపోయిందో నాకు చెప్పండి."