ఉప్పు చూసే చెయ్యి

వాకిట్లో నీళ్ళు చల్లి, ముగ్గు వెయ్యకుండానే లోపలికి వచ్చింది లక్ష్మీతులసి. ఈ రోజు ముగ్గు వెయ్యకూడదు. భర్త శ్రీనివాస్ పోయి ఏడాది.

వంటింట్లో అత్తగారు గంగాభవాని పీట మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. గింజలన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఆవిడ వేళ్ళు మాత్రం తీసిన చింతపండునే మళ్ళీ మళ్ళీ తడుముతున్నాయి.

"కాఫీ ఇవ్వనా అత్తయ్యా?"

"లాజరు వచ్చేడా?"

"ఇంకా సరిగ్గా తెల్లారనే లేదు కదండీ. వస్తాడు."

"పీతలు వస్తేనే పొయ్యి ముట్టిస్తాను. రాకపోతే వేట తెరిచాక పెట్టుకుందాం వాడికి. ముందే చెప్తున్నాను, తర్వాత నన్నేమీ అనకు."

తులసి కాఫీ గ్లాసు ఆవిడ పక్కన పెట్టి హాల్లోకి వచ్చింది. గోడకున్న ఫొటోలో శ్రీనివాస్ నవ్వుతున్నాడు. చొక్కా జేబు మీద ఇంజన్ ఆయిల్ మరక. ఆ మరక లేని ఫొటో ఇంట్లో ఒక్కటీ దొరకలేదు.

పోయినవాళ్ళ ఏడాది నాడు, వాళ్ళు ఇష్టంగా తిన్నది వండి, ఇంట్లో ఎవరూ నోట పెట్టకముందే ఫొటో ముందు విస్తరి వెయ్యడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆ వంట రుచి చూడకూడదు. ఉప్పో కారమో చూశారంటే ఎంగిలి అయిపోయినట్టే. శ్రీనివాస్‌కి ఇష్టమైనది ఊరందరికీ తెలుసు. వాళ్ళమ్మ చేతి పీతల పులుసు.

కాని ఇప్పుడు వైశాఖం. సముద్రం మీద వేట సర్కారు ఆపేసి ఎన్నో రోజులైంది. పోనీ ఏట్లో పీతలు దొరుకుతాయా అంటే, రొయ్యల చెరువుల నీళ్ళు వదిలిన దగ్గర్నించి అవీ తగ్గిపోయాయి. పడిన ఒకటీ అరా కాళ్ళు కట్టి, పెట్టెల్లో సర్ది, బతికుండగానే పెద్ద ఊళ్ళకి పంపేస్తున్నారు. వారం నుంచీ స్కూలు సెలవులే కదా అని తులసి అల్లవరం వెళ్ళింది, అమలాపురం వెళ్ళింది. చివరికి ఫ్రిజ్‌లో పెట్టిన పీతల ప్యాకెట్ ఒకటి పట్టుకొచ్చింది.

గంగాభవాని దాన్ని గోటితో కొట్టి చూసింది. "ఇది పీతా, గులకరాయా?"

"పోనీ చెరువు రొయ్యలు తేనా అత్తయ్యా?"

"మేత తిని పెరిగిన రొయ్య వాడి విస్తట్లోనా? మీ కొత్తపేట వాళ్ళకి ఏదైనా ఒకటే."

తులసిది కొత్తపేట. చేలూ కొబ్బరితోటలూ తప్ప ఉప్పునీళ్ళు తెలియని ఇల్లు. పెళ్ళయిన కొత్తలో పీతని ఎక్కడ కొరకాలో తెలియక కూర్చుంటే, శ్రీనివాస్ ముందు కాలి డెక్క చితక్కొట్టి, లోపలి తెల్లటి కండ తీసి ఆమె అన్నంలో పెట్టాడు. "టీచరుగారికి ఇవాళ మనం పాఠం" అన్నాడు. గంగాభవాని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ రోజుల్లో పులుసు ఉడుకుతుంటే అతను ఎక్కడున్నా వంటింటి గుమ్మంలోకి వచ్చి అరచెయ్యి చాపేవాడు. అమ్మ గరిటెతో ఒక చుక్క వేసేది. నాలిక్కి రాసుకుని, ఒక కన్ను మూసి, "ఇంకొంచెం పడాలమ్మా" అనేవాడు. ప్రతిసారీ అదే మాట. ఉప్పు సరిపోయినా అదే. ఆవిడ ఉప్పు వేస్తున్నట్టు వట్టి వేళ్ళు పులుసు దాక మీద నలిపేది. మళ్ళీ ఒక చుక్క. "ఇప్పుడు సరిపోయింది" అనేవాడు. ఆ నాటకం ఇద్దరికీ తెలుసు. చూసే తులసికీ తెలుసు.

అతను పోయాక గంగాభవాని పొయ్యి దగ్గరకి రాలేదు. ఏడాదిగా వంట తులసిదే. పెట్టింది ఆవిడ తింటుంది, కంచం తీస్తుంది. బావుందని గాని, బాగాలేదని గాని ఒక్క మాట లేదు. ఒకసారి పప్పులో ఉప్పు వెయ్యడమే మరిచిపోయింది తులసి. ఆవిడ ఆ పప్పుతోనే అన్నమంతా తిని లేచింది. తిట్టినా బాగుండేదని ఆ రోజు తులసి పెరట్లోకి వెళ్ళి ఏడ్చింది.

"టీచరుగారండీ!"

లాజరు గొంతు. శ్రీనివాస్‌తో పాటు పెరిగినవాడు, ఏట్లో నాటు పడవ వేస్తాడు. చేతిలో తడి గోనెసంచి ఉంది.

"దొరికేయా లాజరూ?" అంటూ గంగాభవానే ముందు వచ్చింది.

"ఆయ్, రెండు పడ్డాయండి పిన్నిగారు. రాత్రంతా ఏరు గాలించేనండి. పీతలు కొనేవోడు గట్టు మీదే కాపు కాసేడు. నా ఫ్రెండు పీతలు ముట్టుకుంటే ఊరుకోనని చెప్పి తెచ్చేనండి."

ఆవిడ సంచిలోంచి ఒక పీతని వెనక నుంచి పట్టి తీసి, అరచేతిలో ఆడించి చూసింది. రెండోదాన్నీ అలాగే చూసింది.

"ఒట్టివి. పున్నమి పీతలకి కండ ఉండదు. లోపల నీళ్ళే."

"నిజమేననుకోండి. కాని మన శీనుగాడు డిప్పలు కూడా వదిలేవోడు కాదు కదండి పిన్నిగారు."

"తీసుకెళ్ళిపో నాన్నా. నీకు పుణ్యం ఉంటుంది. వేట తెరిచాక చూద్దాం."

లాజరు తులసి వైపు చూశాడు. సంచిని గుమ్మం పక్కన పెట్టి, ఫొటోకి ఒకసారి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

తులసి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. తరగతిలో ఎంత గోల జరిగినా పెరగని గొంతు పెరిగింది.

"ఆయన పోయింది పున్నమి వెళ్ళిన మర్నాడు. ప్రతి ఏడూ ఆయన రోజు అప్పుడే వస్తుంది. పున్నమికి పోయినవాడికి కండ పట్టిన అమావాస్య పీతలు నేను ఎక్కణ్ణించి తేనండీ?"

"అరవకు."

"అరుస్తాను. మంచు పీత వద్దన్నారు. చెరువు రొయ్య వద్దన్నారు. ఇవి ఒట్టివన్నారు. అసలు మీకు వండాలని లేదు. నా చేతి కూడు ఏడాది మాట్లాడకుండా తిన్నారు, నా మీద కోపమేదో ఉందని ఊరుకున్నాను. ఆ కోపం ఆయన విస్తరి మీద చూపించకండి. ఈ రోజు పెట్టకపోతే ఆయన ఖాళీ కడుపుతో వెళ్ళిపోతారు అత్తయ్యా."

గంగాభవాని గోడకి ఆనుకుని కూర్చుంది.

"నాకు ఉప్పు తెలీడం లేదే తులసీ."

"ఏమిటండీ?"

"వాడు వెళ్ళిపోయిన దగ్గర్నించీ నా నాలిక్కి ఏదీ తెలీదు. ఉప్పు తెలీదు, పులుపు తెలీదు. వేడో చల్లో తెలుస్తుంది, అంతే. ఎవరికి చెప్పుకోను? కొడుకు పోయిన దానికి రుచులు కావాలిటా అని నవ్వరూ?"

తులసి నెమ్మదిగా ఆవిడ ఎదురుగా కూర్చుంది. "ఆ రోజు పప్పులో ఉప్పు వెయ్యలేదండీ నేను."

"ఏ రోజు?"

ఆవిడకి నిజంగానే తెలీదు. తులసి ఏడాది పాటు మోసిన బాధ ఒక్క ప్రశ్నతో దిగిపోయి, దాని చోట్లోకి వేరే బాధ వచ్చి కూర్చుంది.

"ముందయితే ఉప్పు చూపుతోనే వేసేసేదాన్ని," అంది గంగాభవాని. "ఇప్పుడు నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు. రుచి చూడ్డానికి లేదు, చూసినా తెలీదు. ఉప్పు కషాయంలా అయిపోతే? ఏడాదికి ఒక్కసారి వచ్చినవాడు ముద్ద నోట పెట్టి లేచిపోతే? పీతలు దొరక్కపోతే బాగుండునని మొక్కుకున్నానమ్మా. కన్నతల్లిని, అలా మొక్కుకున్నాను."

గుమ్మం పక్కన సంచిలో పీతలు గరగరమంటున్నాయి.

తర్వాత ఆవిడే లేచి, పీట ఎక్కి, అటక మీంచి ఒక సత్తు డబ్బా దించింది. మూత తియ్యగానే సముద్రం వాసన వంటిల్లంతా పరుచుకుంది. ఎండు రొయ్యలు. ప్రాణం తీసిన ఆ జ్వరం తగలకముందు శ్రీనివాస్ మేడ మీద పాత చీర పరిచి, కాకుల్ని తోలుకుంటూ తనే ఎండబెట్టినవి. నెలనెలా అత్తగారు మేడ మీద ఎండబెట్టి దించుతున్నది ఏమిటో తులసి ఎప్పుడూ అడగలేదు.

"ఒక్కటి కూడా తియ్యలేదు," అంది ఆవిడ. "తీస్తే అయిపోతాయని."

"ఇవాళ తీద్దామండీ."

రొయ్యల్ని నూనె లేకుండా వేయించి, తలలు తుంచి, ఇసక పోయేదాకా గోరువెచ్చటి నీళ్ళలో కడిగింది తులసి. పీతల్ని గంగాభవాని తనే శుభ్రం చేసింది. కండ లేకపోతేనేం, కాళ్ళూ డిప్పలూ రోట్లో దంచి, ఆ రసం గుడ్డతో వడకట్టి పక్కన పెట్టింది. దాకలో ఉల్లిపాయలు మగ్గాయి. పుల్లమామిడి ముక్కలు పడ్డాయి. చింతపండు పులుసూ, పీతల రసమూ పోసి, చివరికి రొయ్యలు వేసి మూత పెట్టేసరికి ఆవిడ చేతులకి పాత వేగం వచ్చేసింది.

ఉప్పు దగ్గర ఆగిపోయాయి. డబ్బాలోకి వెళ్ళిన వేళ్ళు అలాగే ఉండిపోయాయి.

తులసి లేచి వెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడింది. అరచెయ్యి చాపింది.

గంగాభవాని బిత్తరపోయి చూసింది. "తప్పే. ఎంగిలవుతుంది."

తులసి చెయ్యి తియ్యలేదు. ఆ చేతిని, ఆ గుమ్మాన్ని ఆవిడ చాలాసేపు చూసింది. పొయ్యి మీద పులుసు కుతకుతలాడుతోంది.

"బతికున్నన్నాళ్ళూ వాడు ఎంగిలి చేసిన పులుసే కదే మనం తిన్నది," అంది చివరికి. "ఒక్కపూట మన ఎంగిలి వాడు తినడా?"

ఇంత ఉప్పు వేసి కలిపి, గరిటెతో ఒక చుక్క కోడలి అరచేతిలో వేసింది.

తులసి నాలిక్కి రాసుకుంది. మామిడి పులుపు, వెనకనే ఏటి వాసన, ఎండిన రొయ్య తీపి. ఉప్పు సరిగ్గా పడింది. ఒక్క రవ్వ ఎక్కువా లేదు, తక్కువా లేదు. నాలుక మరిచిపోయింది గాని చెయ్యి మరిచిపోలేదు.

ఒక కన్ను మూసింది.

"ఇంకొంచెం పడాలత్తయ్యా."

గంగాభవాని కోడలి మొహంలోకి చూసింది. పెదవులు కదిలాయి. వట్టి వేళ్ళు దాక మీద నలిపి, కలిపి, మళ్ళీ ఒక చుక్క వేసింది.

"ఇప్పుడో?"

తులసి కళ్ళలోంచి కారుతున్నది నోట్లోకి వచ్చింది. అదీ ఉప్పే.

"ఇప్పుడు సరిపోయిందండీ," అని తులసి విస్తరి కడగడానికి వెళ్ళింది.