ఇంటికి ఎదురొచ్చిన రోడ్డు

బాలమణి పొద్దున్నే కల్లాపి చల్లి, ముగ్గు వేసి, చేతులు కడుక్కునేలోపే టిప్పర్ ఒకటి వచ్చి ఆ ముగ్గు మీద ఇంత దుమ్ము పోసి మలుపు తిరిగింది. రోజూ ఉండే తంతే. అయినా రోజూ ఆమె గుండె ఝల్లుమంటూనే ఉంది.

నిరుడు ఈపాటికి ఆమె గేటు ఎదుట మక్కచేను ఉండేది. సిద్దిపేట పెరిగి పెరిగి వాళ్ళ వాడ దాకా వచ్చింది. చేను కాస్తా వెంచర్ అయింది. నలభై అడుగుల రోడ్డు పడింది. ఆ రోడ్డు బైపాస్ దగ్గర బయలుదేరి, ఎక్కడా వంకర పోకుండా బాలమణి గేటు దాకా వచ్చి, అప్పుడే గుర్తొచ్చినట్టు ఎడమకు తిరుగుతుంది. చీకటి పడితే బండ్ల వెలుగు గేటు దాటి, తలుపు దాటి, తిన్నగా దేవుడి గూట్లో పడుతుంది.

"వీధిపోటు వదినె. రోడ్డు సక్కగొచ్చి ఇంటిని పొడుస్తుంది. ఇంట్ల ఎవలకో ఒకలకు కీడు" అంది పక్కింటి స్వరాజ్యం. ఆ ముక్క చెప్పి ఆవిడ హాయిగా చాయ్ తాగి వెళ్ళింది. బాలమణికి మాత్రం ఆనాటి నుంచి తిండి సయించడం లేదు. వారం తిరక్కముందే భర్త పోశయ్య స్నానాల గదిలో జారిపడి మంచం పట్టాడు. ఇక ఆమెకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

గేటు పిల్లర్‌కు వినాయకుడి బొమ్మ అతికించింది. నాలుగేళ్ళ మనవరాలు రిషితకు రోజూ ఆ బొమ్మకు పువ్వు పెట్టడం నేర్పింది. పసిపిల్ల చేతి పువ్వయితే దేవుడు కాదనడని ఆమె నమ్మకం. అదీ చాలదనిపించి, ముందు తలుపును ఇటుకలతో మూయించడానికి ఇవాళ మేస్త్రి దేవరాజును పిలిపించింది.

ఇటుకలు దిగిన చప్పుడుకు కొడుకు సతీశ్ నోట్లో బ్రష్‌తోనే బయటికొచ్చాడు. ఆ వెంచర్‌లో ప్లాట్లు అమ్మిపెట్టేది అతనే.

"ఏందమ్మా గిది? ముంగటి తలుపు మూసుకుంటరా ఎవలన్న? నవ్వుతరు!"

"నవ్వనియ్. నవ్వెటోళ్ళకేం పోదు. నా మనుమరాలు గీ ఇంట్ల తిరుగుతది."

"రోడ్డు మీది ఇల్లంటే జనం ఎగబడుతున్రు. నువ్వేమో ఇటుకలు తెప్పిస్తివి."

"మొదాలు రోడ్డుకని గీసిన సున్నం గీత గా చేన్ల బోరు పక్కపొంటి పోయింది. నా కండ్లతోని సూసిన. గాడికెల్లి గీడికి ఎవలు జరిపిన్రో, ఇయ్యాల వెంచరోళ్ళ ఆఫీసుకు పోయి అడుగుత. నీకు పిల్లలు లేరా అని అడుగుత!"

సతీశ్ నోట్లో బ్రష్ ఆగిపోయింది. గుమ్మంలో నిలబడ్డ కోడలు వినీత అతని వంక చూసి, "ఇంకెన్ని దినాలు దాస్తవ్? చెప్పు" అంది.

"నేనే జరిపిచ్చిన" అన్నాడు సతీశ్ నేల చూస్తూ. "రోడ్డు మనింటి మీదికొస్తే ముంగట రెండు మడిగెలు ఏసి దుకాణాలకు కిరాయికియ్యచ్చనుకున్న. మన కోసమే గదనే అమ్మా."

"నీ చేతులతోనే తెచ్చి ఇంటిని పొడిచినవారా!"

బాలమణి ఏడ్చింది, తిట్టింది, నెత్తి కొట్టుకుంది. సతీశ్ కూడా గొంతు పెంచాడు. మంచంలోంచి పోశయ్య ఏదో అన్నాడు కానీ ఎవరూ వినలేదు. దేవరాజు ఎటు చూడాలో తెలియక ఇటుకలు తడుపుతూ కూర్చున్నాడు. ఆ గొడవలో రిషిత ఎక్కడుందో ఒక్కరికీ పట్టలేదు.

హారన్ మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది.

బాలమణి తల తిప్పి చూసింది. గేటు దగ్గర రిషిత మునివేళ్ళ మీద నిలబడి వినాయకుడికి పువ్వు అందించబోతోంది. ఎదురుగా టిప్పర్. మలుపు దగ్గర నెమ్మదించాల్సిన బండి నెమ్మదించడం లేదు. బాలమణి గేటు వైపు పరుగెత్తింది. ఆమె చేరేలోపే సతీశ్ ఒక్క ఉరుకున వెళ్ళి పిల్లను రెక్క పట్టి లాగి, పిల్లతో సహా మట్టిలో పడ్డాడు. గేటు పిల్లర్ కూలింది. దుమ్ములో ఎవరికీ ఏమీ కనిపించలేదు. పిల్ల ఏడుపు వినిపించేదాకా వినీత అరుస్తూనే ఉంది.

"బ్రేకు పడలే అక్కా" అంటూ డ్రైవర్ దిగి చేతులు జోడించాడు.

రిషితకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. గుప్పిట్లో నలిగిన బంతిపువ్వు అలాగే ఉంది. "నానమ్మా, పువ్వు పెట్టలే" అంది వెక్కుతూ.

ఆ మాటకు బాలమణి ప్రాణం విలవిల్లాడింది. రోడ్డును తెచ్చింది కొడుకే. కానీ పిల్లను రోజూ దాని ఎదుటికి పంపింది తను.

"తప్పయిందమ్మా" అని సతీశ్ ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నా బిడ్డ పాణం మీద మడిగెలు కడుదామనుకున్న."

"నాది మాత్రం తప్పు లేదా కొడుకా? నా భయం పోవాల్నని పసిదాన్ని గాడికి తోలిన" అంటూ ఆమె అతని తలను ఒళ్ళోకి తీసుకుంది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

"తలుపు ముయ్యమంటరా, వద్దా?" అన్నాడు దేవరాజు మెల్లగా.

"ముయ్యి" అన్నాడు సతీశ్ లేస్తూ. "గోడ మందంగ కట్టు. రేపు నేను ఆఫీసుకు పోయి కూసుంట. రోడ్డు మలిపేదాక లేవ."

"మలుపుతరా బిడ్డా?"

అతను దేవరాజుకు ఇటుకలు అందించడం మొదలుపెట్టాడు. బాలమణి కొంగు బిగించి పక్కన నిలబడింది.

సాయంత్రానికి తలుపు ఉన్నచోట పచ్చి గోడ లేచింది. అందరూ వెనక గదిలో కూర్చున్నారు. రిషిత నాయనమ్మ ఒళ్ళో నిద్రపోయింది. ఇంతలో దూరంగా టిప్పర్ చప్పుడు. మాటలు ఆగిపోయాయి. చప్పుడు దగ్గరైంది, ఇంకా దగ్గరైంది, గోడకు తగిలేంత దగ్గరైంది. తర్వాత ఎడమకు తిరిగి వెళ్ళిపోయింది.

అప్పుడుగానీ తను కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుని ఉన్నానని బాలమణికి తెలియలేదు. తెలిసినా వదల్లేదు.