పద్నాలుగో నంబరు బిళ్ల

చార్మినార్ ముందు నిలబడి రేకు బిళ్లలు పంచే మనిషిని ఆమని తన ఇరవై ఆరేళ్ల జీవితంలో చూడలేదు. చూడాలని కోరుకోనూ లేదు.

"పద్నాలుగు మీదే మేడం," అంటూ వేణుమాధవ్ ఆమె అరచేతిలో ఒక బిళ్ల పెట్టాడు. గుండ్రటి రేకు ముక్క, మధ్యలో అంకె, పైన చిల్లు. అతని సంచిలో మేకులు కొట్టిన చెక్క ఒకటి ఉంది. సాయంత్రం బస్సెక్కేటప్పుడు ఎవరి బిళ్ల వాళ్లు దానికి తగిలించాలట.

"ఇది మీ బొగ్గుగని కాదు, చార్మినార్," అంది ఆమని.

"గనైనా గల్లీ అయినా పోయినోళ్లు తిరిగి రావాలె గద. మా అయ్య కొట్టిచ్చిన బిళ్లలు ఇవి. ఒకపారి మా అయ్య..."

"కథలు తర్వాత. టైమవుతోంది."

ఆ ఆదివారం గోదావరిఖని, జ్యోతినగర్ నడక సంఘం వాళ్లు పందొమ్మిది మంది పాతబస్తీని కాలినడకన చూడ్డానికి వచ్చారు. చరిత్ర చెప్పే పని ఆమనిది. జ్యోతినగర్‌లో ఇంజనీరు సుబ్రహ్మణ్యం గారి అమ్మాయి, ఎం.ఏ. చదివింది, పైగా తనకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. మనుషుల్ని లెక్కపెట్టే పని వేణుమాధవ్‌ది. అతను బొగ్గుగనిలో ఓవర్‌మన్. రోజూ మనుషుల్ని కిందికి దింపి, మళ్లీ పైకి తెచ్చే ఉద్యోగం.

మామూలుగా అయితే ఆమని అతన్ని పట్టించుకోనక్కర్లేదు. కానీ పోయిన ఆదివారం గోదావరి ఒడ్డున నడుస్తూ అతను సూటిగా అడిగేశాడు: "మా అయ్యను తీస్కొని మీ ఇంటికి రావాల్నా, వద్దా?" హైదరాబాద్‌లో చెప్తానంది. ఆరు నెలలుగా ఆమె ఆదివారాలు నడుస్తున్నది ఆరోగ్యం కోసం కాదు. ఆ సంగతి ఒప్పుకోవడం ఆమె వల్ల కాలేదు. అందుకే ఇవాళ పొద్దుటి నుంచీ 'వద్దు' అనడానికి కారణాలు ఏరుకుంటోంది.

కారణాలకు కొదవ లేదు. చార్మినార్ కమాను కిందికి వెళ్లగానే ఆ మహానుభావుడు తలెత్తి కప్పు చూసి, గోడను వేలి కణుపుతో టకటక కొట్టి చెవి పెట్టాడు.

"నాలుగొందల ఏళ్లు నిలబడింది. మీరు పాస్ చేస్తేనే ఇంకో రోజు నిలబడుతుందా?"

"అలవాటు మేడం. కప్పు కిందికి పోతే సప్పుడు ఇనాలె. బోలు సప్పుడొస్తే ఎన్కకు రావాలె." గోడను నిమురుతూ అడిగాడు, "ఇది కట్టినోళ్ల పేర్లు ఏడనన్న రాసి ఉన్నయా?"

"కట్టించిన సుల్తాను పేరు చెప్పాగా."

"కట్టిచ్చినాయన కాదు. రాళ్లు మోసినోళ్లు."

ఎం.ఏ.లో ఆ పాఠం లేదు. ఆమనికి ఒళ్లు మండింది. అదీ కారణాల్లో చేరింది.

లాడ్‌బజార్‌లో ఆకుపచ్చ లక్క గాజులు చేతికి వేసుకుని చూస్తుంటే, "మంచిగున్నయి," అన్నాడు. వెంటనే తీసేసింది. చౌమహల్లా ప్యాలెస్‌లో షాండిలియర్ల కింద నిలబడి, "ఇవి తుడిచేటోనికి ఎన్ని షిఫ్టులు పట్టేనో," అన్నాడు. ఆమనికి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు తనమీద తనకే చిరాకేసింది.

మూడింటికి సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ముందు జనం మూగారు. చిన్న బొమ్మ బయటికొచ్చి, గంట కొట్టి, లోపలికి పోయింది.

"పాపం, ఒక్కడే డ్యూటీ. రిలీవర్ సుత లేడు," అని గొణిగి, "నా జవాబు ఏమాయె?" అన్నాడు వేణుమాధవ్.

పొద్దుటి నుంచీ ఏరుకున్న కారణాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "నీళ్లు తాగొస్తా," అని ఆమని బయటికి నడిచింది. గేటు దగ్గర తమతో వచ్చిన చంద్రమతి పిన్ని కనిపిస్తే, "హిమాయత్‌నగర్‌లో మా భవ్య ఇంటికి వెళ్తున్నా, అందరికీ చెప్పండి," అని గబగబా రోడ్డు దాటేసి ఆటో ఎక్కింది. నాలుగొందల ఏళ్ల చరిత్ర గుక్క తిప్పుకోకుండా చెప్పిన మనిషి ఒక్క ముక్క జవాబు చెప్పలేక పారిపోయింది.

ఫొటోలు తీసి తీసి ఫోను ఎప్పుడో చచ్చింది. చెల్లెలి వరసైన భవ్య ఇంట్లో ఛార్జింగు పెట్టి, అయిదింటికి చూస్తే ఇరవై రెండు మిస్డ్ కాల్స్. అన్నీ అతనివే. తిరిగి చేస్తే ఇప్పుడు అతని ఫోను పలకడం లేదు. చంద్రమతికి చేసింది.

"మేం బస్సులో ఉన్నామమ్మా, శామీర్‌పేట దాటాం. ఆ అబ్బాయి దిగిపోయాడు. నువ్వు వెళ్లిపోయావని చెప్తే, 'ఆటో ఎక్కంగ సూసిన్రా?' అన్నాడు. నేను చూళ్లేదుగా మరి! 'బిళ్ల రాకుంటె మనిషి రానట్టే' అని మళ్లీ చార్మినార్ వైపు నడిచి వెళ్లిపోయాడు."

"బుద్ధుందా అతనికి!" అని భవ్య వైపు చూసి నవ్వింది ఆమని. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెడితే బిళ్ల తగిలింది. బయట వాన మొదలైంది. ఆమని చెప్పులేసుకుంది.

అతను లాడ్‌బజార్‌లో ఆ గాజుల కొట్టు ముందే ఉన్నాడు. తడిసి ముద్దయ్యాడు. "నీలం చున్నీ. గిట్ల నడుస్తది," అంటూ ముక్కు పైకెత్తి కొట్టతనికి చూపిస్తున్నాడు. కొట్టతను అతని వెనక్కి వేలు పెట్టి చూపించాడు.

వేణుమాధవ్ తిరిగి చూశాడు. ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. తర్వాత విరుచుకుపడ్డాడు.

"నీళ్లు తాగొస్త అంటిరి. ఏడ తాగిన్రు, గోదావరిలనా? మూడుపార్లు తిరిగిన. లోపల ఉండిపోయిన్రేమోనని ప్యాలెస్ వాచ్‌మన్‌తోని లొల్లి పెట్టుకున్న."

"పిన్నికి చెప్పాగా!"

"మా అయ్య గురించి సుత గనిల గట్లనే చెప్పిన్రు. 'ఆగయ్య పైకి పోయిండు' అన్నరు. పోంగ ఎవలూ సూడలే. అందరు ఇండ్లకు పోయిన్రు. కప్పు కూలితే దానవుతల మా అయ్య పది గంటలు చీకట్ల ఉన్నడు. ఆయన బిళ్ల రాలేదని, దీపాలు బిళ్లలు అప్పజెప్పే లాంప్‌రూంల ఒక్కడు సూసిండు కాబట్టి బతికిండు. మీకు అది కథ లెక్క ఉంటది."

ఆమనికి సిగ్గుతో ముఖం కాలిపోయింది. పొద్దున తను సగంలో తుంచేసిన కథ ఇదే.

"తప్పు నాదే," అంది. "జవాబు చెప్పడానికి భయమేసి పారిపోయాను. వద్దనడానికి రోజంతా కారణాలు వెతికాను. ఒక్కటీ నిలబడలేదు. మీరంటే నాకు ఇష్టం."

అతను సంచిలోంచి చెక్క తీశాడు. పద్దెనిమిది బిళ్లలు, ఒక ఖాళీ మేకు. చెయ్యి చాపాడు.

"ముందు బిళ్ల ఇయ్యండి. మాటలు తర్వాత."

"ఇవ్వను."

"ఏందీ?"

"ఇస్తే మీరు నన్ను వెతకడం మానేస్తారు."

వేణుమాధవ్ కోపంగానే ఉండాలని చూశాడు. చేతకాలేదు, నవ్వేశాడు. "ఇయ్యకుంటె మా అయ్య నన్ను ఇంట్లకు రానియ్యడు. పందొమ్మిదీ లెక్క పెట్టి తీసుకుంటడు."

"అయితే ఆయన్ని తీసుకుని మా ఇంటికి రండి. ఆయన చేతికే ఇస్తాను."

ఆ చెక్కను ఖాళీ మేకుతోనే మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. ఆమని బిళ్లను పిడికిట్లో బిగించి, ముక్కు కాస్త పైకెత్తి, రైల్వేస్టేషనుకు దారి చూపిస్తూ ముందు నడిచింది. అది స్టేషనుకు పోయే దారి కాదు. వేణుమాధవ్ ఆ సంగతి చెప్పకుండా వానలో ఆమె పక్కనే నడిచాడు.