కణితిలో దొరికిన చక్కెర

"నా కణితి ఎవరు కోశారు?" అని అరుస్తూ ల్యాబ్‌లోకి వెళ్ళాను.

కొత్తగా చేరిన కెమిస్ట్రీ అమ్మాయి తలెత్తింది. "అయ్యో, మీకు కణితి ఉందా? డాక్టరుకి చూపించుకున్నారా?"

"నాక్కాదు, నా టమాటా మొక్కకి!"

"సార్ కోయమన్నారు. మీరేమో టీకి వెళ్ళారు," అంటూ నవ్వింది.

ఆ నవ్వుకు నా కోపం ఎగిరిపోయింది.

బాక్టీరియా పట్టిన మొక్కలను పెంచడం నా పని. ఆ బాక్టీరియా గాయంలోంచి దూరి, కాండం మీద కణితి లేపి, తనకు మాత్రమే అరిగే చక్కెరను మొక్క చేతనే వండించుకుని తింటుంది. ఆ వంటకమేమిటో తేల్చడం ఆమె పని.

"దీనికన్నా ఇల్లరికపుటల్లుడే నయం," అనేది.

"నన్ను తీసుకెళ్ళండి, నేను ఇంతకన్నా తక్కువే తింటాను," అనేవాణ్ణి. ఆమె చెవులు ఎర్రబడేవి. చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమనేవారు.

ఒక వాన మధ్యాహ్నం ఆమె కాగితమొకటి పట్టుకుని పరుగున వచ్చింది. కణితి రసంలోని చక్కెరలు దాని మీద నల్లని మచ్చలుగా తేలాయి.

"ఈ చివరి మచ్చ చూడండి. మామూలు కాండంలో లేదు. ఫాస్ఫేటు అంటుకున్న కొత్త చక్కెరేమో! మొక్కలు మీవి, మీరే చెప్పాలి."

నేను సరిగా చూడనైనా లేదు. "మీ కాఫీలో పంచదార అయ్యుంటుంది. చెయ్యి కడుక్కున్నారా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, కాగితం మడిచి సొరుగులో పెట్టేసింది. సరదాకన్నానని మర్నాడు చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

ఎనిమిది నెలలకు వేరే ల్యాబ్‌వాళ్ళు సరిగ్గా ఆ చక్కెరనే కనిపెట్టి పేపరు అచ్చు వేయించారు. అది చదివి పరుగున వెళ్ళేసరికి ఆమె సామాను సర్దుకుంటోంది. వేరే ఊళ్ళో ఉద్యోగమట.

"నన్ను నాలుగు తిట్టండి," అన్నాను.

"ఎందుకు? మీరు మాటవరసకన్నారు. నేనే నా కళ్ళని నమ్మలేదు. మీ మాటంటే అంత గురి నాకు."

"మీరంటే నాకు ప్రాణం. వెళ్ళకండి," అన్నాను.

అట్టపెట్టెకు టేపు అంటిస్తున్న చెయ్యి ఆగింది.

"పోయిన వారమే మా ఇంట్లో సంబంధానికి సరేనన్నాను. రెండు నెలలు వాయిదా వేశాను, మీరేమైనా అంటారేమోనని."

"రోజూ అంటూనే ఉన్నాను కదండీ!"

"అన్నారు," అంది కళ్ళు తుడుచుకుంటూ. "అందరూ నవ్వేలాగే అన్నారు."

పెట్టె నేనే కిందికి మోశాను. ఆమె నా వెనకే మెట్లు దిగింది.